సైన్సు ల్యాబులోకి సముద్రాన్ని తెచ్చే ముందు

(స్వర్ణోత్సవ సభలో 1985 బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఎలక్ట్రికల్ ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

  

నన్ను మాట్లాడమన్నప్పుడు మోటార్ల గురించో, రోలింగ్ మిల్లు గురించో అడుగుతారనుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా స్టీల్ ప్లాంటులో కరెంటు పని చేసినవాడికి ఇంకేం తెలుస్తుంది? కానీ మన సంఘం కార్యదర్శిగారు కిందటి నెల మా ఇంటికి వచ్చారు. హాల్లో ఉన్న గాజు తొట్టె ముందు కూర్చున్న మనిషి అరగంట లేవలేదు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. వెళ్తూ వెళ్తూ, "ఇలాంటిది మన బడి సైన్సు ల్యాబులో పెడదామండీ, స్వర్ణోత్సవ కానుకగా సంఘం తరఫున ఇద్దాం" అన్నారు. కమిటీలో కూడా మాట వచ్చిందట. డబ్బు ఇస్తామన్నవాళ్లూ ఉన్నారట.

అందుకని నాకిచ్చిన ఇరవై నిమిషాలూ ఆ తొట్టె గురించే చెబుతాను. నేను దాన్ని మీకు అమ్మడానికి రాలేదు. విన్నాక మీలో కొందరికి ఈ ఆలోచన మానుకుందామనిపించొచ్చు. అలా అనిపిస్తే కమిటీకి ఇప్పుడే చెప్పండి, కొన్నాక కాదు.

ఈ పిచ్చి మొదలైంది ఈ బళ్లోనే. 1983లో, మేము ఎనిమిదిలో ఉండగా, మా సైన్సు మాస్టారు ఒక ఆదివారం పొద్దున్నే పదిహేను మందిని జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గరకు తీసుకెళ్లారు. అమావాస్య మర్నాడు. సముద్రం బాగా వెనక్కి పోయి రాళ్ల మధ్య గుంటలు బయటపడ్డాయి. పీతలు, నత్తలు, రాతికి అతుక్కున్న గవ్వలు చూస్తూ చూస్తూ ఒక గుంట దగ్గర ఆగాం. చాప పరిచినట్టు, గోధుమరంగూ ఆకుపచ్చా కలిసిన చిన్న చిన్న బొత్తాలు. ఒక్కో బొత్తాం చుట్టూ సన్నటి రెక్కలు. వేలు పెడితే ముడుచుకుపోయేవి. "ఇది మొక్కా, జంతువా?" అని అడిగారు మాస్టారు. నేను మొక్కే అన్నాను. రాయిని పట్టుకుని కదలకుండా ఉంది కదా అని నా లెక్క. ఆయన జవాబు చెప్పలేదు. "చూస్తూ ఉండు" అన్నారు.

చూస్తూ ఉండే ఓపిక నాకెక్కడిది? మాస్టారు అటు తిరగ్గానే గోటితో ఒక ముక్క గీకి, తెచ్చుకున్న హార్లిక్స్ సీసాలో సముద్రపు నీళ్లు పోసి వేశాను. ఇంటికి తెచ్చి మంచం కింద దాచాను. మంగళవారం నాటికి ఇల్లంతా కంపు. మా అమ్మ సీసాతో సహా కాలవలో పారేసి, నా వీపు మీద రెండు వేసింది. బళ్లో మాస్టారికి చెప్పుకున్నాను. తిట్టలేదాయన. "నీళ్లిచ్చావు సరే, వెలుతురు ఇచ్చావా?" అన్నారు.

నిజానికి అది చచ్చింది వెలుతురు లేక కాదు. సీసా మూత బిగించేసరికి ప్రాణవాయువు అయిపోయి కుళ్లిపోయింది. కానీ మాస్టారి మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. ఇంకో సంగతి. ఆ బొత్తాలను జోయాంథిడ్లు అంటారు. వాటిలో కొన్ని జాతుల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రకృతిలో దొరికే అతి ఘోరమైన విషాల్లో ఒకటి. దాన్ని ఉత్త గోటితో గీకి, చెయ్యి కడుక్కోకుండా పులిహోర తిన్నవాణ్ని నేను. పిల్లలూ, మీరు ఆ పని చెయ్యొద్దు. మా ఇంట్లో ఇప్పుడు తొట్టెలో చెయ్యి పెట్టాలంటే గ్లవుజులు వేసుకోవాల్సిందే.

మాస్టారి ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్లకు దొరికింది. అది జంతువే. పగడాలూ జంతువులే. కానీ ఆ జంతువు ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. పగలంతా ఆ నాచు సూర్యుడి వెలుగుతో తిండి తయారుచేసుకుని, అందులో చాలా భాగం ఇంటి యజమానికి అద్దె కింద కట్టేస్తుంది. జంతువు వదిలే వ్యర్థాలు నాచుకు ఎరువు. 1928, 29 సంవత్సరాల్లో మారిస్ యంగ్ అనే ఆయన నాయకత్వంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర దాదాపు ఏడాది పాటు ఉండి ఈ కాపురం గురించే పరిశోధనలు చేశారు. పగడాలను చీకట్లో ఉంచితే నాచును బయటకు నెట్టేస్తాయని చూశారు. అంటే తొట్టెలో పగడం పెంచడమంటే ముందుగా దాని ఒంట్లోని నాచును పెంచడం. అక్కడికి వచ్చేసరికి అది నాలాంటి కరెంటువాడి పని అయిపోయింది.

సముద్రం పక్కనే పుట్టి పెరిగాం, మనకేం కష్టం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మొదటి తొట్టె పెట్టినప్పుడు, ఒక నవంబరులో, రుషికొండ నుంచి ఆటోలో నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్లు తెచ్చాను. ఆటో అతను నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఇంటికొచ్చి హైడ్రోమీటరు ముంచితే 1.019 చూపించింది. పగడాలకు కావలసింది 1.025. పరికరం పాడైందనుకుని ఇంకోటి కొన్నాను. అదీ 1.019 అంది.

పరికరం బాగానే ఉంది. మన సముద్రమే ఆ రోజుల్లో ఉప్పు తక్కువగా ఉంటుంది. వర్షాకాలం అయిపోయాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో పోసిన మంచినీళ్లను అది మన గుమ్మం ముందు నుంచి మోసుకుపోతుంది. నదులతో పాటు ఒండ్రు కూడా వస్తుంది, నీరు మసకబారుతుంది. రాళ్ల మీద జోయాంథిడ్లు, సముద్ర పుష్పాలు బతుకుతాయి గానీ లక్షద్వీప్‌లోనో, అండమాన్‌లోనో, మన్నార్ సింధుశాఖలోనో ఉన్నట్టు పెద్ద పగడపు దిబ్బలు విశాఖ తీరంలో కట్టుకోకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కాబట్టి ల్యాబులో పెడితే ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవాల్సిందే. లీటరుకు సుమారు 35 గ్రాములు. వంట ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు.

తొట్టె విషయం త్వరగా చెప్పేస్తాను. మా ఇంట్లోది 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తు. 108 లీటర్లు. ఇసుక, రాళ్లు పోగా నీరు 85 లీటర్ల దాకా ఉంటుంది. ఇంతకంటే చిన్నది పెడితే సులువనుకుంటారు. తప్పు. నీరు ఎంత తక్కువైతే వేడి గానీ ఉప్పు గానీ అంత త్వరగా తారుమారవుతాయి. నీళ్లు నింపాక ఒక పచ్చి రొయ్య ముక్క వేసి వదిలెయ్యాలి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు పుట్టి నైట్రైటుగా మారుస్తాయి, వేరే జీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఈ గొలుసు కుదరడానికి నాకు ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఇంటికొచ్చిన ప్రతివాడూ "చేపలేవండీ?" అని అడుగుతాడు. సిగ్గుపడి ఒక చేప వేశారా, అంతే సంగతులు.

ఇక దీపం. నాకు తెలుసనుకున్న విషయం ఇదే, నేను ఎక్కువ తప్పులు చేసిందీ ఇందులోనే.

మా షాపు ఫ్లోరులో పైకప్పుకు సోడియం వేపర్ దీపాలు, మెటల్ హాలైడ్ దీపాలు ఉండేవి. పగడాల తొట్టెలకు మెటల్ హాలైడ్ వాడతారని ఎక్కడో చదివాను. ఓస్ ఇంతేనా అని బజారులో 250 వాట్ల దీపం, చోక్, ఇగ్నిటరు కొనుక్కొచ్చి తొట్టె మీద వేలాడదీశాను. సేఫ్టీవాళ్ల దగ్గర లక్స్ మీటరు ఒక్కరోజుకు అడిగి తెచ్చి కొలిచాను. ఇరవై వేల లక్స్ దాటింది. మా ఫ్లోరు మీద కూడా అంత లేదు. గర్వంగా మీసం తిప్పాను. నెలరోజుల్లో రాళ్ల మీద వెంట్రుకల్లాంటి నాచు పెరిగి తొట్టె పంటకాలవలా తయారైంది. నీటి వేడి 31 డిగ్రీలకు చేరింది. జోయాంథిడ్లు ముడుచుకుని తెరుచుకోవడం మానేశాయి.

తప్పు దీపంలో లేదు, నా కొలతలో ఉంది. లక్స్ అనేది మనిషి కంటి కోసం పెట్టిన లెక్క. మన కంటికి 555 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ అన్నిటికంటే కాంతిగా కనిపిస్తుంది. అంతే శక్తి ఉన్న నీలం, 450 నానోమీటర్ల దగ్గర, అందులో 4 శాతం కూడా కనపడదు. లక్స్ మీటరు నీలం విషయంలో గుడ్డిది. పగడానికి కావలసింది ఆ నీలమే. ఎందుకంటే సముద్రపు నీరు ఎరుపును పైపొరల్లోనే మింగేస్తుంది. స్వచ్ఛమైన నీటిలో పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు ఉండదు, నీలం మాత్రం కిందిదాకా పోతుంది. లక్షల ఏళ్లుగా ఆ నీలపు వెలుగుకు అలవాటుపడ్డ నాచుకు నేను ఫ్యాక్టరీలో పనిచేసే మనుషుల కోసం తయారైన పచ్చటి వెలుగు పోశాను. పనికిమాలిన నాచుకు పండగైంది.

మొక్కలకూ పగడాలకూ వాడే కొలతను పార్ అంటారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయో లెక్క, మైక్రోమోల్సులో చెబుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 2000. జోయాంథిడ్లకు, డిస్కోసోమా అనే పుట్టగొడుగు పగడాలకు 50 నుంచి 120 ఉంటే చాలు. వినండి, ఎండలో ఇరవయ్యో వంతు చాలు. నీళ్లలో ముంచే పార్ మీటరు ఖరీదైంది. నేను చెన్నైలో ఒక మిత్రుడి దగ్గర రెండు రోజులకు అరువు తెచ్చుకుని తొట్టె అడుగున, మధ్యలో, పైన, మూలల్లో కొలిచి కాగితం మీద పటం గీసుకున్నాను. ఆ పటం ఇప్పటికీ స్టాండు తలుపు లోపల అతికించి ఉంది. ఎక్కడ ఏ జీవి పెట్టాలో అదే చెబుతుంది.

ఇప్పుడు మా తొట్టె మీద ఉన్నది 60 వాట్ల ఎల్‌ఈడీ. అందులో ఎక్కువ నీలం, కొంత ఊదా, కొద్దిగా తెలుపు. నీటికి 25 సెంటీమీటర్ల పైన వేలాడుతుంది. దగ్గరగా పెడితే మధ్యలో మండిపోతుంది, మూలల్లో చీకటి. సగం బలం మీదే, రోజుకు ఎనిమిది గంటలు. రోజుకు పావు యూనిట్టు కాలుతుందంతే. పొద్దున్న వెలిగించను. మధ్యాహ్నం పన్నెండుకు నెమ్మదిగా మొదలై రాత్రి ఎనిమిదికి ఆరిపోతుంది. తొట్టెకు ఎప్పుడైతేనేం, మనం ఇంట్లో ఉండేది సాయంత్రమే కదా. ల్యాబులో అయితే బడి వేళలకు మార్చుకోవాలి. కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు. ఎండ పడితే వేడి, నాచు రెండూ మన చేతిలో ఉండవు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదట్లో ఒక దుకాణంలో గుండ్రటి రాతి పగడం ఒకటి కొన్నాను. ఏ ఊరో, ఏ దుకాణమో వద్దు. మెదడు ముడతల్లా ఉంటుంది, దీపం కింద పచ్చగా మెరుస్తుంది. మన బ్యాచ్‌వాడే, అటవీ శాఖలో ఉన్నాడు, ఒకరోజు భోజనానికి వచ్చి దాన్ని చూశాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపేశాడు. "ఒరేయ్, ఇదేంటో తెలుసా నీకు?" అన్నాడు. నాకు తెలీదు. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, ఆర్గాన్ పైపు పగడం, సముద్ర విసనకర్రలు, అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్రపు గుర్రాలు కూడా అందులోనే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. చచ్చిన పగడపు రాయి కూడా పగడమే. అక్వేరియం దుకాణాల్లో లైవ్ రాక్ పేరుతో అమ్మేవి చాలా వరకు అదే.

మర్నాడు ఇద్దరం వెళ్లి కాగితం రాసిచ్చి దాన్ని అప్పగించాం. ఆ కాగితం రాస్తున్నప్పుడు నా చెయ్యి వణికింది. హెచ్చరికతో పోయింది, అది నా అదృష్టం. కానీ చట్టం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. అప్పగించే నాటికే అది సగం తెల్లబడి ఉంది. ఎక్కడో సముద్రంలో ఎన్నో ఏళ్లు బతికినదాన్ని నా దీపం కింద నాలుగు నెలల్లో ఆ గతికి తెచ్చాను.

అప్పటి నుంచి మా తొట్టెలో రాళ్లు సిమెంటుతో పోసినవి. జీవులు ఇంకో మిత్రుడి తొట్టెలో పెరిగినదాని నుంచి కోసిచ్చిన ముక్కలు. క్లౌన్ ఫిష్‌లు హేచరీలో పుట్టినవి. పిల్లలు నీమో అంటారు చూడండి, అవే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో ఈ చేపలకు గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. సముద్రంలో వలేసి పట్టాల్సిన అవసరం లేదు.

హుద్‌హుద్ గురించి చెప్పకుండా విశాఖవాడు ఏ కథా ముగించలేడు. 2014 అక్టోబరు 7న ఆ ఏటి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి. నేను ఆ ఏడాదే హాలైడ్ తీసేసి ఎల్‌ఈడీ పెట్టాను. ఆఫీసులో అందరికీ ఆ బహుమతి నాకే వచ్చినట్టు చెప్పుకున్నాను. ఐదు రోజుల తరవాత, 12వ తేదీ ఆదివారం, తుపాను వచ్చింది. మా కిటికీ రెక్క ఒకటి ఊడి ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. కరెంటు పోయింది. మా వీధికి మళ్లీ ఆరో రోజున వచ్చింది.

ఇన్వర్టరు మొదటి రాత్రికే చేతులెత్తేసింది. తరవాత చిన్న బ్యాటరీ గాలి పంపు. అదీ అయిపోయాక మా అబ్బాయి, నేను వంతులు వేసుకుని మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోశాం, గాలి కలవాలని. తొట్టె కోసం రెండు క్యాన్లలో 40 లీటర్ల ఆర్‌ఓ నీళ్లు దాచి ఉంచాను. ఆవిరైపోయినంత రోజూ పోస్తుండాలి కదా, లేకపోతే ఉప్పు పెరిగిపోతుంది. రెండో రోజుకు వీధిలో తాగే నీళ్లు లేవు. పక్కింటి పెద్దాయన చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను తొట్టె వైపు చూశాను. ఒక్క క్షణమే చూశాను గానీ, చూశాను. ఈలోపు మా ఆవిడ క్యాను తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది. రెండోది ఎదురింట్లో బాలింతకు వెళ్లింది.

నాలుగో రోజు చేపలు రెండూ పోయాయి. జోయాంథిడ్లు మాత్రం మొగ్గల్లా ముడుచుకుని కూర్చున్నాయి. ఆరో రోజు రాత్రి కరెంటు రాగానే ఇల్లంతా కేకలు. నేను పంపులు వేసి, పాపం ఆరు రోజులు చీకట్లో ఉన్నాయి కదా అని దీపం మొత్తం బలం మీద వేశాను. మర్నాటి నుంచి రోజుకు పది గంటలు. వారం తిరగకుండా జోయాంథిడ్లు ఒక్కొక్కటే పాలిపోయాయి. తుపానుకు తట్టుకున్నవి నా ఆత్రానికి తట్టుకోలేకపోయాయి. చీకటికి అలవాటుపడ్డ నాచు మీద ఒక్కసారిగా వెలుగు పోస్తే అది చేసే పని అదుపు తప్పుతుంది, దానికి విషంలా మారుతుంది. జంతువు ఆ నాచును బయటకు గెంటేస్తుంది. రంగు ఇచ్చేది ఆ నాచే, కాబట్టి తెల్లబడిపోతుంది. సముద్రంలో జరుగుతున్నదీ ఇదే, అక్కడ ముఖ్య కారణం వేడి. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు. 2024లో లక్షద్వీప్ పగడాలు అలా తెల్లబడ్డాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు మా హాలు గుర్తొచ్చింది.

సగం పోయాయి, సగం కోలుకున్నాయి. ఇప్పుడు కొత్త ముక్క ఏది తెచ్చినా 20 శాతం బలంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచుతాను.

ల్యాబుకు వేడి పెద్ద సమస్య. తొట్టె నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీదికి ఫ్యాను పెడితే ఆవిరై చల్లబడుతుంది. ఒక్క లీటరు ఆవిరైతే యూనిట్టులో మూడింట రెండు వంతుల వేడిని తీసుకుపోతుంది, అది తక్కువేం కాదు. కానీ మే నెలలో విశాఖ గాలి తడిబట్టలా ఉంటుంది. మన ల్యాబులో గోడకు తడి బల్బు, పొడి బల్బు థర్మామీటరు ఉండేది, ఉందో లేదో. ఆ తడి బల్బు ఎంత చూపిస్తే ఫ్యాను అంతకంటే కిందికి దింపలేదు. మే నెలలో 28, 29 దగ్గర ఆగిపోతుంది. అందుకని చిల్లరు కావాలి. మా ఇంట్లో చిల్లరు, పంపులు, దీపం అన్నీ కలిపి ఎండాకాలంలో నెలకు 80 యూనిట్లు, శీతాకాలంలో 30 లోపు. ఈ బిల్లు ఎవరు కడతారు? సంఘం కానుక ఒక్కసారి ఇస్తుంది. బిల్లు ప్రతి నెలా వస్తుంది.

రెండోది ప్లగ్గులు. మొన్న ల్యాబు చూసి వచ్చాను. మేము చదివినప్పటి బోర్డులే ఉన్నాయి, ఎర్త్ పని చేస్తుందో లేదో దేవుడికెరుక. ఉప్పునీరు మంచినీటి లాంటిది కాదు, కరెంటును ఎన్నో రెట్లు బాగా మోస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఆ తొట్టె దగ్గరకు ఏ పిల్లనీ పిల్లాణ్నీ రానివ్వను. వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, నీటి బొట్టు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతుంది. తొట్టె పెట్టినా పెట్టకపోయినా ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ పని మాత్రం నా ఖర్చుతో వచ్చే నెలలోపు చేయిస్తాను. దీనికి కమిటీ తీర్మానం అవసరం లేదనుకుంటాను.

మూడోది అసలైంది. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు. ఎవరు వస్తారు? రోజూ లీటరున్నర నీళ్లు పొయ్యాలి, చేపలకు చిటికెడు తిండి వెయ్యాలి, వేడి చూడాలి. వారానికోసారి పది లీటర్లు మార్చాలి. ప్రారంభోత్సవం రోజు ఫొటోలో నిలబడడానికి నలభై మంది వస్తారు, మే 20న మధ్యాహ్నం రెండింటికి ఒక్కడు రావాలి.

నేను అనుకున్నది చెబుతాను. తొట్టె నేను కొంటాను, మొదటి ఆరు నెలలు మా ఇంట్లోనే నడుపుతాను. నెలకు రెండు ఆదివారాలు ఎనిమిదో తరగతి నుంచి నలుగురు పిల్లలు, ఒక టీచరుగారు వచ్చి నాతో పాటు నీళ్లు మార్చాలి, ఉప్పు కొలవాలి, పుస్తకంలో రాయాలి. ఆరు నెలల పుస్తకంలో ఖాళీ పేజీలు లేకపోతే తొట్టె బడికి వస్తుంది. ఉంటే మా ఇంట్లోనే ఉంటుంది, ఎవరి మీదా నిష్ఠూరం లేదు. ఆ డబ్బుతో ల్యాబుకు మంచి మైక్రోస్కోపులు కొందాం.

ఇంతలోపు ఒక పని అయితే వెంటనే చెయ్యొచ్చు. దానికి ఏ ఖర్చూ లేదు. వచ్చే అమావాస్య మర్నాడు పొద్దున్నే, నీళ్లు వెనక్కి పోయే వేళకు, ఎనిమిదో తరగతిని జోడుగుళ్లపాలెం తీసుకెళ్తాను. బస్సు మాట్లాడాను. ముందు వరసలో కూర్చున్న మా మాస్టారు కూడా వస్తానన్నారు, ఎనభై దాటినా రాళ్ల మీద నడవగలనంటున్నారు. ఆయన చెయ్యి పట్టుకోవడానికి ఇద్దరు గట్టి పిల్లలు కావాలి. సీసాలు తేవద్దు. వచ్చేవాళ్ల పేర్లు హెడ్మాస్టరుగారి గదిలో పెట్టిన పుస్తకంలో రాయండి. ల్యాబు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఎవరైనా ఈ సభ అయ్యాక నాకు చెబితే ఎలక్ట్రీషియన్ని సోమవారం పంపిస్తాను.